అన్నపానాల వెంట వచ్చే దగ్గు

అన్నం తింటూండగా గాని, మంచినీళ్ళు త్రాగుతూండగా గాని ఒక్కసారిగా దగ్గు తెరలు తెరలుగా వస్తే మన ఇళ్ళలో "పొలమారింది" అంటారు. కొన్ని ప్రాంతాలలో "పొరపోయింది" అంటారు. ప్రక్కన కూర్చున్న పెద్దవారు నడినెత్తిన మెల్లగా తట్టి, "నిన్ను ఎవరో తలచుకుంటున్నారు" అని నవ్వుతారు. రెండు నిమిషాలలో దగ్గు సర్దుకుంటుంది, భోజనం సాగిపోతుంది. ఇంతవరకు చింతించవలసినది ఏమీ లేదు. కాని అదే మనిషికి వారంలో నాలుగైదు పర్యాయాలు పొలమారుతూంటే, తలచుకునేవారు అంతమంది ఉన్నారని సంతోషించడం తగదు. శరీరం ఏదో తెలియజేస్తున్నదని గ్రహించవలసి ఉంటుంది.

ఇటువంటి దగ్గుకు మన పల్లెలలో సాధారణంగా జరిగే చికిత్స ఒక్కటే. మందుల దుకాణానికి వెళ్ళి "దగ్గుమందు" అడగడం, సీసా పూర్తి కాగానే మరొక సీసా కొనడం. అసలు కారణం గొంతులో ఉన్నదా, అన్నవాహికలో ఉన్నదా, ఊపిరితిత్తులలో ఉన్నదా, లేక నిత్యం వేసుకునే మాత్రలలోనే ఉన్నదా అన్న ప్రశ్న ఎవరికీ రాదు. ఈ ప్రశ్నకు సమాధానం చాలావరకు మీ ఇంట్లోనే లభిస్తుంది. దగ్గు ఏ క్షణంలో వస్తున్నది, దేనితో వస్తున్నది అన్న రెండు సంగతులు శ్రద్ధగా గమనిస్తే చాలు, వైద్యుని పని సగం తేలిక అవుతుంది.

రెండు దారులు, ఒక కూడలి

మన గొంతు ఒక కూడలి వంటిది. ముక్కు నుండి ఊపిరితిత్తులకు వెళ్ళే గాలి, నోటి నుండి కడుపులోకి వెళ్ళే ఆహారం ఇక్కడ ఒకే చోటును దాటిపోవాలి. శ్వాసనాళం ముందువైపు, అన్నవాహిక దాని వెనుకగా ఉంటాయి. ముద్ద మ్రింగే క్షణంలో ఊపిరి తనంత తాను ఆగుతుంది. స్వరపేటిక పైకి లేచి ముందుకు జరుగుతుంది. మెడ మీద వ్రేలు ఉంచి గుటక వేసి చూడండి, ఆ కదలిక మీకే తెలుస్తుంది. అదే సమయంలో స్వరతంత్రులు రెండూ దగ్గరకు చేరి మూసుకుంటాయి. ఆకు వంటి మూత ఒకటి శ్వాసమార్గం మీద వాలుతుంది. దీనిని ఉపజిహ్విక అంటారు. అద్దంలో చూసుకున్నప్పుడు అంగిలి చివర వ్రేలాడుతూ కనిపించేది ఇది కాదు, మూత మరింత లోపల ఉంటుంది. ముద్ద దిగిపోగానే అన్నీ యథాస్థానానికి వస్తాయి. ఈ పని అంతా సుమారు ఒక్క సెకనులో జరిగిపోతుంది.

ఈ క్రమంలో రవ్వంత తేడా వచ్చి ఒక నీటిబొట్టో మెతుకో శ్వాసమార్గం వైపు జారితే, అక్కడి నాడులు వెంటనే మెదడుకు కబురు పంపుతాయి. దానిని బయటకు నెట్టే బలమైన గాలివిసురే దగ్గు. కనుక దగ్గు ఊపిరితిత్తులకు కావలివాడు. కావలివాడు అప్పుడప్పుడు కేక వేస్తే మంచిదే. రోజూ కేకలు వేస్తూంటే గోడ ఎక్కడ కూలిందో చూడాలి. పిలిచినా పలకనంతగా అతడు అలసిపోయినప్పుడు పరిస్థితి మరింత ప్రమాదకరం. ఈ సంగతి తరువాత వివరిస్తాము.

మ్రింగే క్షణంలోనే దగ్గు వస్తే

ఇటువంటి ఇల్లు ప్రతి ఊరిలోనూ ఒకటైనా ఉంటుంది. ఇంటిపెద్దకు కొన్ని నెలల క్రితం పక్షవాతం వచ్చింది. మందులతో కోలుకున్నాడు. వంకరపోయిన మూతి సరి అయింది, కర్ర ఊతంతో నడుస్తున్నాడు. గండం గడిచిందని అందరూ భావించారు. కాని నీళ్ళు త్రాగిన ప్రతిసారీ దగ్గుతున్నాడు. అన్నం తిన్న తరువాత గొంతు సవరించుకుంటూనే ఉంటాడు. నెలకొకసారి జ్వరం వస్తున్నది. సూదిమందుతో తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. దగ్గుతున్నాడని ఇంట్లోవారు నీళ్ళు ఇవ్వడమే తగ్గించారు. మూడవసారి జ్వరం వచ్చేసరికి అది న్యుమోనియా అని తేలింది, పట్టణంలో ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. పంట ఋణంగా తెచ్చిన సొమ్ము ఆసుపత్రి గుమ్మంలో ఖర్చు కావడం ఈ పత్రిక పాఠకులకు కొత్త సంగతి కాదు.

ఆ ఇంటిలో జరిగిన పొరపాటు ఏమిటి? పక్షవాతం చేతిని, కాలిని మాత్రమే కాదు, గొంతు కండరాలను కూడా బలహీనపరుస్తుంది. పక్షవాతం వచ్చిన తొలి దినాలలో దాదాపు సగం మందికి మ్రింగడంలో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. చాలామందికి కొన్ని వారాలలో సర్దుకుంటుంది, కొందరికి మిగిలిపోతుంది. నడక వచ్చింది గనుక మ్రింగుడు కూడా వచ్చి ఉంటుందని మనం అనుకుంటాం. పార్కిన్సన్ వ్యాధి, అంటే వణుకు జబ్బు ఉన్నవారికి, మతిమరుపు ముదిరిన వృద్ధులకు, కండరాల బలహీనత గల మరికొందరికి ఇదే ఇబ్బంది కలుగుతుంది. ఏళ్ళ తరబడి పొగ త్రాగినందువల్లనో, కట్టెల పొయ్యి పొగ పీల్చినందువల్లనో ఊపిరితిత్తులు చెడి నిత్యం ఆయాసపడేవారికి మరొక కష్టం ఉంది. ఊపిరి ఆపి మ్రింగేంత వ్యవధి వారికి దొరకదు.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది. ఇటువంటివారికి గట్టి ఆహారం కంటె నీళ్ళే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. నీరు పలుచన. గొంతు మూత పడేలోపుగానే జారిపోతుంది. పలుచని మజ్జిగలో కలిపిన అన్నం, చారన్నం మరింత కష్టం. నీరు ముందు జారిపోతుంది, మెతుకులు వెనుక మిగులుతాయి, బలహీనమైన గొంతు రెండింటినీ ఒకేసారి సంబాళించలేదు. రోగికి తేలికగా ఉంటుందని మనం ప్రేమతో పెట్టేది సరిగ్గా ఈ ఆహారమే. మెత్తగా మెదిపిన పప్పన్నం, గట్టి పెరుగుతో మెత్తగా కలిపిన అన్నం, చిక్కని రాగిజావ చాలామందికి నయం. అయితే ఎవరికి ఎంత చిక్కదనం కావాలన్నది అందరికీ ఒకే కొలత కాదు. పెద్ద బోధనాసుపత్రులలో మాటకు, మ్రింగుడుకు శిక్షణ ఇచ్చే స్పీచ్ థెరపిస్టులు ఉంటారు. ఒక్క పర్యాయం వారికి చూపించడం ఎంతైనా అవసరం.

మన నీళ్ళు త్రాగే ఆచారాన్ని గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. చెంబు పెదవులకు తగలకుండా ఎత్తి పోసుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఎంగిలి అంటని మంచి పద్ధతే. కాని తల వెనుకకు వాల్చినప్పుడు శ్వాసమార్గం తెరుచుకుని ఉండడానికి అనువు ఏర్పడుతుంది, నీరు వేగంగా జారుతుంది. ఆరోగ్యవంతునికి ఇది సమస్య కాదు. గొంతు బలహీనపడినవారు మాత్రం ఈ అలవాటు మానివేయాలి. గ్లాసును పెదవికి ఆనించి, గడ్డం కొంచెం క్రిందికి ఉంచి, ఒక్కొక్క గుక్కగా త్రాగాలి. తల వెనుకకు విసిరి మాత్ర మ్రింగడం కూడా ఇటువంటిదే.

ఇటువంటివారికి మంచం మీద వాల్చి అన్నం తినిపించవద్దు. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి. చెంచాడు చెంచాడుగా పెట్టండి. మొదటిది దిగిన తరువాతనే రెండవది ఇవ్వండి. తినేటప్పుడు మాట్లాడించవద్దు, టీవీ కట్టివేయండి. భోజనం తరువాత కనీసం అరగంట కూర్చోనివ్వండి. ఉదయం, రాత్రి నోరు శుభ్రం చేయండి. ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు. కాని ఊపిరితిత్తులలోకి లాలాజలం జారినా దానితోపాటు వెళ్ళే నోటి క్రిములే న్యుమోనియాకు మూలం అవుతున్నాయి. దంతాలు లేని నోటికి సైతం ఈ శుభ్రత కావాలి.

ఇందాక వాయిదా వేసిన సంగతి ఇప్పుడు చెప్పుకుందాం. పక్షవాతం వచ్చిన కొందరిలో గొంతు స్పర్శజ్ఞానం కూడా దెబ్బతింటుంది. నీరు శ్వాసనాళంలోకి పోయినా దగ్గు రాదు. నిన్నటి వరకు దగ్గిన పెద్దాయన ఇప్పుడు దగ్గడం లేదంటే, నయమైందని అర్థం కావచ్చు, కాకపోవచ్చు. నీళ్ళు త్రాగిన తరువాత ఆయనను "ఆ" అని పలకమనండి. గొంతులో నీరు నిలిచినట్లు గరగర లాడుతూ తడిగా వినిపిస్తే, కళ్ళలో నీరు తిరిగితే, భోజనానంతరం ఆయాసం హెచ్చితే, కారణం తెలియని జ్వరం పదే పదే వస్తూంటే, దగ్గు లేకపోయినా వైద్యునికి చూపించండి. మ్రింగుడు సంగతి ఆయన అడగకపోవచ్చు, మీరే చెప్పండి.

నీళ్ళు త్రాగితే దగ్గు రావడంతోపాటు గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు నిపుణునికి చూపించాలి. స్వరతంత్రిని కదిలించే నాడి దెబ్బతిన్నప్పుడు అది సరిగా మూసుకోదు. థైరాయిడ్ శస్త్రచికిత్స తరువాత కొందరికి ఇట్లు కావచ్చు. రొమ్ములోపలి కంతుల వల్ల కూడా కావచ్చు. పొగ త్రాగేవారు ఈ లక్షణాన్ని ఏమాత్రం ఉపేక్షించరాదు.

పల్లెలలో మరువరాని హెచ్చరిక ఇంకొకటి ఉన్నది. నీళ్ళు త్రాగబోగానే గొంతు బిగుసుకుని ఉక్కిరిబిక్కిరి కావడం, నీటిని చూస్తేనే భయపడడం జరిగితే, గత వారాలలో, నెలలలో కుక్క కరిచిందేమో అడగండి. అది రేబిస్ లక్షణం. ఈ దశకు చేరిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కరిచిన రోజుననే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసిన నీటితో పావుగంటసేపు కడిగి, ప్రభుత్వ ఆసుపత్రిలో టీకాలు ప్రారంభించడం ఒక్కటే రక్షణ.

తిన్న కొంతసేపటికి, పడుకున్న తరువాత వచ్చే దగ్గు

మ్రింగడం చక్కగా జరుగుతుంది. భోజనం పూర్తయిన తరువాత, ముఖ్యంగా నడుము వాల్చిన తరువాత పొడిదగ్గు మొదలవుతుంది. తెల్లవారి లేచేసరికి నోరు పుల్లగా, గొంతు బొంగురుగా ఉంటుంది. ఇట్లు ఉన్నవారు గొంతును గాక కడుపును అనుమానించాలి.

అన్నవాహిక కడుపుతో కలిసేచోట కండరం ఒకటి కవాటం వలె పనిచేస్తుంది. మన వరికాలువ తూము వంటిదే. నీరు చేలోకి పోవాలి గాని వెనుకకు రాకూడదు. ఈ కవాటం వదులైతే కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. పులితేన్పులు, గుండెమంట దీని ఫలితాలు. ఆ ఆమ్లం గొంతు వరకు చేరి దగ్గు తెప్పించవచ్చు. గొంతు వరకు రానక్కర లేదు కూడా. అన్నవాహికకు, శ్వాసనాళానికి ఒకే నాడి శాఖలు వెళతాయి. క్రింద కలిగిన మంట పైన దగ్గుగా వెలువడుతుంది. ఈ నాడి శాఖ ఒకటి చెవికి కూడా పోతుంది. చెవిలో పుల్ల పెట్టి గెలుకుతున్నప్పుడు కొందరికి దగ్గు రావడానికి కారణం ఇదే. (పుల్ల పెట్టడం మంచి అలవాటు అని మా భావం కాదు.)

గుండెమంట లేకుండానే ఈ దగ్గు ఉండవచ్చును గనుక రోగి కడుపు మాట ఎత్తడు, వైద్యుడు అడిగితే తప్ప తెలియదు. రోజంతా పొలంలోనో దుకాణంలోనో గడిపి, రాత్రి తొమ్మిదింటికి కడుపునిండా తిని, పది నిమిషాలలో మంచం ఎక్కే జీవనవిధానం దీనికి దోహదం చేస్తుంది. దుకాణం మూసి లెక్కలు చూసుకుని పదింటికి భోంచేసే డీలర్ల సంగతి వేరే చెప్పనక్కర లేదు. రాత్రి భోజనానికి, నిద్రకు మధ్య రెండు మూడు గంటల వ్యవధి ఉండేలా చూసుకోండి. సాయంకాలం పెందలాడే తిన్న మన తాతల పద్ధతి ఈ విషయంలో ఉత్తమం. వేపుళ్ళు, అతిగా కాఫీ, టీ, చుట్ట, బీడీ, సారా, ఇవన్నీ కవాటాన్ని వదులు చేసేవో, ఆమ్లాన్ని పెంచేవో అవుతాయి. పొట్ట పెరిగినవారు బరువు తగ్గితే దగ్గు కూడా తగ్గడం కద్దు.

తలగడలు రెండు మూడు పేర్చుకుంటే చాలునని కొందరు అనుకుంటారు. దానివల్ల మెడ మాత్రమే వంగి పొట్ట నొక్కుకుంటుంది. మంచం తలవైపు కోళ్ళ క్రింద ఆరు అంగుళాల ఎత్తున ఇటుకలు పెట్టడం సరి అయిన పద్ధతి. నులకమంచం కుంగి మధ్యలో గుంటపడి ఉంటే ముందు నులక బిగించుకోండి. ఎడమ ప్రక్కకు తిరిగి పడుకోవడం కూడా మేలు చేస్తుంది.

ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటి మాత్రలు నేడు ప్రతి దుకాణంలోనూ దొరుకుతున్నాయి. పులితేన్పులు, మంట ఉన్నవారికి ఇవి ఉపకరిస్తాయి. భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. కడుపులక్షణాలు ఏమీ లేకుండా దగ్గు ఒక్కటే ఉన్నవారికి వీటివల్ల ప్రయోజనం తక్కువ. ఏళ్ళ తరబడి సొంతంగా కొని వాడడం తగదు.

పడుకుంటే దగ్గు, కూర్చుంటే ఉపశమనం, దానికి తోడు పాదాలకు వాపు, నడిస్తే ఆయాసం ఉంటే అది గుండె బలహీనత కావచ్చు. అప్పుడు ఇటుకలతో కాలయాపన చేయవద్దు.

కారము, ముక్కు, ఉబ్బసం

మిరప కారం తగిలితే దగ్గు రావడం రోగం కాదు. మిరపలోని కాప్సైసిన్ అనే పదార్థం గొంతులోని దగ్గు నాడులను నేరుగా తట్టి లేపుతుంది. దగ్గును పరిశోధించే వైద్యులు ప్రయోగశాలలో మనుషులకు దగ్గు తెప్పించడానికి వాడేది కూడా ఈ కాప్సైసిన్‌నే. గుంటూరు మిరప యార్డులో ఒక పూట గడిపినవారికి ఈ శాస్త్రం ఎవరూ బోధించనవసరం లేదు. కారం తిన్నప్పుడు ముక్కు కారి, ఆ నీరు గొంతు వెనుకకు జారి దగ్గు రావడం కూడా సామాన్యమే. ఏడాది పొడుగునా తుమ్ములు, ముక్కుదిబ్బడ ఉండి గొంతులోకి కఫం జారేవారికి భోజన సమయంలో ఇది హెచ్చుతుంది. ముక్కుకు వైద్యం చేయిస్తే దగ్గు తగ్గుతుంది.

దగ్గుతోపాటు ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తే ఉబ్బసాన్ని అనుమానించాలి. చల్లని పానీయాలతో, ఆమ్లం ఎగదన్నడంతో కొందరికి ఉబ్బసం రేగుతుంది. కాని వేరుసెనగ, చేప, రొయ్య, గ్రుడ్డు, పాలు వంటి ఏదో ఒక పదార్థం తిన్న కొద్ది నిమిషాలలోనే దగ్గు, ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరి ఆడకపోవడం కలిసి వస్తే అది తీవ్రమైన ఎలర్జీ. ఇందుకు ఎడ్రినలిన్ ఇంజెక్షన్ వెంటనే పడాలి. 108కు ఫోను చేయండి. దగ్గు తగ్గుతుందేమోనని ఎదురుచూడవద్దు.

పసిబిడ్డలు, వేరుసెనగ గింజలు

వేరుసెనగ పండించే అనంతపురం వంటి జిల్లాలలోను, గుజరాత్‌లోని సౌరాష్ట్రలోను, కోతల కాలంలో ఇంటినిండా కాయలే ఉంటాయి. ప్రాకే బిడ్డ, నడక నేర్చిన బిడ్డ గింజను నోట పెట్టుకోకుండా ఉండదు. వెనుకటి దంతాలు రాని నోటిలో గింజ నలగదు. నవ్వినా ఏడ్చినా పరుగెత్తినా ఊపిరితోపాటు లోపలికి పోతుంది. అప్పుడు బిడ్డ ఉక్కిరిబిక్కిరై విపరీతంగా దగ్గుతుంది. ఇక్కడే మోసం జరుగుతుంది. గింజ ఒక ఊపిరితిత్తి నాళంలోకి దిగి స్థిరపడగానే దగ్గు తగ్గుతుంది. "దిగిపోయింది" అని తల్లి ఊపిరి పీల్చుకుంటుంది. కొన్ని రోజుల తరువాత దగ్గు, జ్వరం, ఒక వైపున పిల్లికూతలు మొదలవుతాయి. వేరుసెనగ గింజ ఎక్స్‌రేలో కనిపించదు. తీసిన ఫోటో మామూలుగా ఉన్నంత మాత్రాన గింజ లేదని చెప్పలేము. ఆ మొదటి రోజు ఉక్కిరిబిక్కిరి సంగతి వైద్యునికి చెప్పితేనే ఆయన దుర్బిణి గొట్టంతో చూసి తీయడానికి వీలవుతుంది. చెప్పకపోతే వారాల తరబడి న్యుమోనియా మందులే నడుస్తాయి. చింతగింజ, సీతాఫలం గింజ, పోకచెక్క ముక్క, అన్నింటికీ ఇదే వరుస. నాలుగేళ్ళు నిండేవరకు బిడ్డలకు గింజలను గింజలుగా ఇవ్వవద్దు. పొడిచేసి పెట్టండి.

గొంతుకు అడ్డం పడినప్పుడు చేయవలసిన సహాయం అందరికీ తెలిసి ఉండాలి. మనిషి గట్టిగా దగ్గగలుగుతున్నంతసేపు దగ్గనివ్వండి, నీళ్ళు పోయవద్దు. దగ్గు, మాట, ఏడుపు ఆగిపోయి ముఖం నీలి రంగుకు మారుతూంటే మనిషిని ముందుకు వంచి, రెండు రెక్కల మధ్య వీపు మీద అరచేతి మడమతో 5 దెబ్బలు గట్టిగా కొట్టండి. ఫలించకపోతే వెనుక నుండి కౌగిలించి, బొడ్డుకు కొంచెం పైన పిడికిలి ఉంచి లోపలికి, పైకి 5 సార్లు బలంగా నొక్కండి. అడ్డు తొలగేవరకు ఒకదాని తరువాత ఒకటి చేస్తూ ఉండండి. ఏడాది లోపు శిశువుకు పొట్ట నొక్కరాదు. ముంజేతి మీద తల క్రిందుగా బోర్లించి వీపు మీద 5 దెబ్బలు, వెల్లకిల త్రిప్పి రొమ్ము ఎముక మీద 5 నొక్కులు ఇవ్వాలి. కనిపించని వస్తువు కోసం గొంతులో వ్రేలు పెట్టి వెదికితే అది మరింత లోపలికి పోతుంది. మనిషి స్పృహ తప్పితే నేలపై పడుకోబెట్టి గుండె నొక్కుడు ప్రారంభించాలి.

అప్పుడే పుట్టిన శిశువు తొలి పాలకే దగ్గి నీలంగా మారితే, నోటి వెంట నురగ ఆగకుండా వస్తూంటే అన్నవాహిక, శ్వాసనాళం పుట్టుకతోనే కలిసిపోయి ఉండవచ్చు. గంటలలో శస్త్రచికిత్స జరిగే ఆసుపత్రికి చేర్చాలి. ఇక తలంటు పోసేటప్పుడు బిడ్డ ముక్కులో నూనె చుక్కలు వేయడం, పడుకోబెట్టి ఆముదం గాని ఉగ్గు గాని బలవంతంగా పోయడం మన ఆచారాలలో ఉన్నాయి. నూనె నీరు వలె దగ్గు తెప్పించదు, చప్పుడు చేయకుండా ఊపిరితిత్తులలోకి జారి అక్కడే నిలుస్తుంది. పెద్దలు నొచ్చుకున్నా సరే, ఈ ఆచారం విడిచిపెట్టవలసినదే.

ఇదే కోవకు చెందినది పెద్దలు చేసే ఒక పని. ట్రాక్టరు నుండి గాని, పీపా నుండి గాని డీజిలు తీయడానికి గొట్టం నోట పెట్టి పీలుస్తారు. గుక్కెడు నోట్లోకి రాగానే దగ్గు వస్తుంది, ఉమ్మివేసి పని చూసుకుంటారు. కడుపులోకి పోయిన డీజిలు కంటె దగ్గుతో ఊపిరితిత్తులలోకి పోయినదే ప్రమాదం. కొన్ని గంటలలో జ్వరం, రొమ్మునొప్పి, ఆయాసం రావచ్చు. కిరోసిన్ త్రాగిన పిల్లలకూ ఇంతే. వాంతి చేయించవద్దు, వాంతిలో అది మళ్ళీ ఊపిరితిత్తులలోకి పోతుంది. ఇంజన్లు, ట్రాక్టర్లు అమ్మే డీలర్లు చేతితో నొక్కే చవక పంపును కూడా కొనుగోలుదారునికి చూపించగలరు.

ముద్ద నిలిచిపోతే

ముద్ద గొంతు దాటి రొమ్ములో నిలిచినట్లు అనిపించడం, గంటల తరువాత అరగని అన్నం నోట్లోకి తిరిగి రావడం, రాత్రి దానితో దగ్గు రావడం అన్నవాహిక వ్యాధులను సూచిస్తాయి. ఇందులో వరుసను గమనించాలి. ముందు రొట్టె, మాంసం ముక్క దిగవు, తరువాత అన్నం, ఆపైన జావ. దీనికి తోడు బరువు తగ్గుతూంటే అన్నవాహిక కాన్సరేమో చూడడానికి ఎండోస్కోపీ వెంటనే చేయించాలి. పొగాకు, సారా అలవాటు ఉన్నవారిలో ఈ వ్యాధి ఎక్కువ. జావతో సరిపెట్టుకుంటూ నెలలు గడిపి వచ్చినవారికి చేయగలిగింది తక్కువ అవుతుంది. అందరిలోను కారణం కాన్సరే కాదు, కవాటం తెరుచుకోకపోవడం, పాత పుండు మానిన చోట నాళం సన్నబడడం కూడా ఉన్నాయి. వాటికి మంచి చికిత్స ఉన్నది.

రక్తపు పోటు మాత్రలు

ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ అనే మాత్రలు రక్తపు పోటుకు, గుండెకు చాలా మంచివి. అయితే వాడినవారిలో నూటికి సుమారు 5 నుండి 20 మందికి గొంతులో గరగర, పొడిదగ్గు కలుగుతాయి. మాత్ర మొదలు పెట్టిన వారాలకో, నెలలకో మొదలవుతుంది గనుక దీనికి దానికి సంబంధం ఎవరికీ తోచదు. తినేటప్పుడే గాక అన్ని వేళలా ఉండే దగ్గు ఇది. మాత్రను మీరే మానివేయవద్దు. వైద్యుడు వేరొక రకానికి మారిస్తే సాధారణంగా ఒకటి నుండి నాలుగు వారాలలో తగ్గుతుంది, కొందరికి మరికొంత ఆలస్యం కావచ్చు.

వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు

ఏ దగ్గు అయినా రెండు వారాలు దాటితే, అది భోజనంతో వచ్చినా రాకపోయినా, కళ్ళె పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో క్షయ పరీక్ష, మందులు ఉచితం. చికిత్స పొందేవారికి 2018 నుండి పోషకాహారం నిమిత్తం నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో జమ అయ్యేవి. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేశారు. ఆ సొమ్ము ఖాతాకు చేరడానికి ఖాతా వివరాలు కేంద్రంలో సరిగా నమోదు కావాలన్నది ఈ పత్రిక పాఠకులకు గుర్తు చేస్తున్నాము.

దగ్గుమందు సీసాల విషయంలో జాగ్రత్త అవసరం. "కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది" అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం కాగలదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కలుషితమైన దగ్గుమందు త్రాగి మూత్రపిండాలు చెడి పలువురు పసిబిడ్డలు మరణించారు. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదని, అయిదేళ్ళలోపు వారికి కూడా సాధారణంగా సిఫారసు చేయరాదని అదే సంవత్సరం అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ సూచించింది. పెద్దల విషయంలో మరొక కోణం ఉన్నది. పక్షవాతం వచ్చి మ్రింగలేనివారికి దగ్గును అణచి, మత్తు కలిగించే మందు ఇవ్వడమంటే కావలివానిని నిద్రపుచ్చడమే.

వైద్యుని వద్దకు వెళ్ళే ముందు ఒక వారం రోజులు చిన్న కాగితం మీద వ్రాసి ఉంచండి. దగ్గు మ్రింగుతూండగా వచ్చిందా, తిన్న తరువాత ఎంతసేపటికి వచ్చింది, నీటితోనా ముద్దతోనా, పడుకున్నప్పుడా కూర్చున్నప్పుడా, వెంట జ్వరం, ఆయాసం, గొంతు మార్పు, బరువు తగ్గడం ఉన్నాయా. చదువుకునే పిల్లలు ఇంట్లో ఉంటే ఈ పని వారికి అప్పగించవచ్చు. వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. రోగి నీళ్ళు త్రాగుతూండగా స్వయంగా చూడవలసిందని వైద్యుని కోరండి. వేళ మించిందని ఆయన తొందరపడినా, గ్లాసుతో నీళ్ళు, చిన్న డబ్బాలో మెత్తని అన్నం మీ వెంట సిద్ధంగా ఉంటే ఆ పరీక్షకు అయిదు నిమిషాలు కూడా పట్టదు. ఎక్స్‌రే, ఎండోస్కోపీ, గొంతులోకి చూసే దుర్బిణి పరీక్ష, వీటిలో ఏది అవసరమన్నది ఆ తరువాత ఆయన నిర్ణయిస్తారు.